'గెట్' ఒక్కటే, అర్థాలు డజన్ల కొద్దీ: ఎందుకిలా?

ఉత్తరం అందినా 'గెట్', బస్సు దొరికినా 'గెట్'. కోపం వచ్చినా, ఇంటికి చేరినా, జోక్ అర్థమైనా, పెళ్లయినా అదే మాట. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లు నిఘంటువు తెరిస్తే ఈ చిన్న క్రియ కింద పేజీలకు పేజీలు కనిపిస్తాయి. పర్యాయపదాల పుస్తకం తెరిస్తే అబ్టెయిన్, అక్వైర్, రిసీవ్, ఫెచ్, బికమ్, అరైవ్, అండర్‌స్టాండ్ అంటూ ఒకదానితో ఒకటి పొసగని మాటలన్నీ ఒకే వరసలో నిలబడి ఉంటాయి. అరైవ్‌కూ అండర్‌స్టాండ్‌కూ ఏమిటి సంబంధం అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది.

క్లుప్తంగా

గెట్ వాడుకలు ఎన్ని ఉన్నా వాటి అడుగున ఉన్న ఊహ ఒకటే. లేని స్థితి నుంచి ఉన్న స్థితికి చేరడం. అది వస్తువు చేతికి రావడమా, చోటుకు చేరడమా, మనిషి మారిపోవడమా అన్నది గెట్ తర్వాత వచ్చే మాట తేలుస్తుంది. కాబట్టి పర్యాయపదాలు ఈ మాట మొత్తానికి ఉండవు. ఒక్కో వాక్య నిర్మాణానికి ఒక్కో జట్టు ఉంటుంది.

లెక్క ఎవరు వేస్తే వాళ్లది

ఈ బాధ గెట్ ఒక్కదానిదే కాదు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లీషు నిఘంటువు వెలువరించినప్పుడు 'టేక్' అనే క్రియకు 134 అర్థాలు రాయాల్సి వచ్చింది. అది ఐదు పేజీలు పట్టింది. ముందుమాటలో ఆయన కొన్ని క్రియల మీద ప్రత్యేకంగా విసుక్కున్నాడు. అర్థం ఒకచోట నిలవని, వాడుకకు హద్దులు లేని మాటలంటూ ఆయన చెప్పిన వరసలో కమ్, గివ్, పుట్, సెట్, గో, రన్, మేక్‌లతో పాటు గెట్ కూడా ఉంది.

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో చాలాకాలం అన్నిటికంటే పొడవైన పద్దు, అంటే ఒక మాట కింద ఇచ్చే వివరణ, 'సెట్'ది. మూడో కూర్పు కోసం పాత పద్దులను తిరగరాస్తూ వస్తుంటే 2000లో 'మేక్' దాన్ని దాటింది, 2007లో 'పుట్' దాటింది, 2011లో 'రన్' వచ్చి 645 అర్థాలతో అన్నిటినీ వెనక్కి నెట్టింది. అదే 'రన్' క్రియకు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ల కోసం తయారుచేసిన వర్డ్‌నెట్ అనే పదకోశంలో ఉన్నవి 41 మాత్రమే. భాష ఒకటే, మాట ఒకటే, లెక్కలో తేడా పదిహేను రెట్లు.

దీన్నిబట్టి తెలిసేది ఒకటుంది. అర్థాల సంఖ్య మాటలో ఉండే గుణం కాదు, నిఘంటుకారుడు గీత ఎక్కడ గీశాడన్న దాన్నిబట్టి మారే అంకె. యంత్రం నడవడం, బస్సు నడవడం, వ్యాపారం నడవడం వేర్వేరు అర్థాలా, ఒకే అర్థం మూడు చోట్ల కనిపించడమా? రెండు రకాలుగానూ వాదించవచ్చు. చారిత్రక నిఘంటువు ప్రతి పాత వాడుకనూ విడిగా నమోదు చేస్తుంది, కంప్యూటర్ల కోసం చేసిన పదకోశం వాటిని కలిపేస్తుంది. 'ఫలానా మాటకు ఇన్ని వందల అర్థాలు' అని ఫార్వర్డ్ అయ్యే మెసేజ్‌ల్లో ఈ తేడా ఎప్పుడూ ఉండదు.

ఎక్కువగా వాడే మాటకే ఎక్కువ అర్థాలు ఉంటాయన్నది మాత్రం గట్టి గమనింపు. అమెరికన్ పండితుడు జార్జ్ జిఫ్ 1945లోనే ఈ సంబంధాన్ని లెక్కగట్టాడు. వాడుక పెరిగేకొద్దీ అర్థాలూ పెరుగుతాయి కానీ అంత వేగంగా కాదు, సుమారుగా వర్గమూలం చొప్పున. అంటే వంద రెట్లు ఎక్కువగా వినిపించే మాటకు అర్థాలు పది రెట్లు ఉండొచ్చు. మాట్లాడేవాళ్లు కొత్త సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడు కొత్త మాట పుట్టించడం కంటే నోటికి అలవాటైన మాటనే కొంచెం సాగదీయడం తేలిక.

పట్టుకోవడం దగ్గర మొదలు

గెట్ పుట్టుకతో ఇంగ్లీషు మాట కాదు. ఇంగ్లండు ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్థిరపడిన స్కాండినేవియన్ల భాష, అంటే పాత నార్స్ నుంచి వచ్చింది. అక్కడ దాని రూపం 'గెటా', అర్థం పొందడం, చేజిక్కించుకోవడం. 'టేక్' కూడా అదే దారిలో వచ్చి, అప్పటిదాకా ఉన్న 'నిమన్' అనే సొంత మాటను తరిమేసింది.

గెట్ కుటుంబం పాత ఇంగ్లీషుకు కొత్త కాదు. ముందు ఏదో ఒక ముక్క తగిలించుకున్న రూపంలో అది అప్పటికే ఉంది. అందులో ఒకటి నేటి 'ఫర్‌గెట్'. చేతిలో ఉన్నదాన్ని జారవిడుచుకోవడమే మరచిపోవడం అయిందన్నమాట. ఇంకా వెనక్కి వెళితే లాటిన్‌లో పట్టుకోవడం అనే అర్థమున్న 'ప్రెహెండెరె'కూ దీనికీ మూలం ఒకటే. ఆ లాటిన్ మాట నుంచి వచ్చినదే అర్థం చేసుకోవడం అనే అర్థంలో వాడే 'కాంప్రిహెండ్'. కాబట్టి 'ఐ గెట్ ఇట్' అని మామూలుగా అన్నా, 'ఐ కాంప్రిహెండ్' అని గంభీరంగా అన్నా లోపల ఉన్నది పట్టుకోవడమే. మనం వాడే 'గ్రహించు' కూడా అంతే. సంస్కృతంలో దాని ధాతువుకు పట్టుకోవడమనే అర్థం. పాణిగ్రహణంలో చేతిని పట్టుకునేది, విషయగ్రహణంలో సంగతిని పట్టుకునేది ఆ ధాతువే.

వస్తువును పట్టుకోవడం నుంచి 'మారడం' దాకా గెట్ ఎలా వచ్చిందన్నది అసలు ప్రశ్న. దారి ఇలా కనిపిస్తుంది. వస్తువును చేరుకోవడం తర్వాత చోటును చేరుకోవడం, చోటు తర్వాత స్థితిని చేరుకోవడం. 'గెట్ హోమ్' అంటే ఇల్లు చేరడం, 'గెట్ వెల్' అంటే ఆరోగ్యం అనే స్థితికి చేరడం. ఇక్కడ భాషలో ఒక ఖాళీ కూడా కలిసొచ్చింది. పాత ఇంగ్లీషులో 'అవు' అన్న అర్థానికి 'వియోర్దన్' అనే క్రియ ఉండేది. జర్మన్‌లో దాని తోబుట్టువు 'వెర్డెన్' ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. ఇంగ్లీషులో మాత్రం అది మధ్యయుగాల్లో మాయమైంది. ఆ ఖాళీలోకి బికమ్, గ్రో, టర్న్, గెట్ తలా ఒక వైపు నుంచి జొరబడ్డాయి. వీటిలో 'బికమ్' కూడా మొదట్లో వచ్చి చేరడం అనే అర్థమున్న మాటే కావడం గమనించదగ్గది.

తర్వాత వచ్చే మాటదే పెత్తనం

గెట్ అర్థం తేల్చాలంటే దాన్ని కాసేపు వదిలేసి దాని పక్కన ఏముందో చూడాలి. పక్కన వస్తువు పేరు ఉంటే అది ఏదో ఒక రకంగా దక్కడం. 'గెట్ ఎ లెటర్' అంటే అందుకోవడం, 'గెట్ సమ్ మిల్క్' అంటే కొనుక్కురావడం, 'గెట్ ఎ కోల్డ్' అంటే జలుబు చేయడం, 'గెట్ ఎ ప్రైజ్' అంటే గెలుచుకోవడం. 'హి గాట్ టెన్ ఇయర్స్' అంటే పదేళ్ల జైలు పడిందని. వీటిలో గెట్ తనంతట తానుగా చెబుతున్నది చాలా తక్కువ. పాలు కొనేవి, జలుబు అంటుకునేది, జైలు పడేది అన్న లోకజ్ఞానమే మిగతా పని చేస్తోంది.

పక్కన గుణం చెప్పే మాట వస్తే గెట్ 'అవ్వడం'గా మారుతుంది. గెట్ యాంగ్రీ, గెట్ ఓల్డ్, గెట్ డార్క్. ఇక్కడ దానికి బికమ్ పర్యాయపదమని అన్ని పుస్తకాలూ చెబుతాయి, చాలావరకు నిజమే. కానీ పక్కన నామవాచకం రాగానే ఈ స్నేహం తెగిపోతుంది. 'షి బికేమ్ ఎ డాక్టర్' అంటే ఆమె డాక్టరయింది. అదే వాక్యంలో గెట్ పెట్టి 'షి గాట్ ఎ డాక్టర్' అంటే ఆమె డాక్టర్ని పిలుచుకొచ్చింది, లేదా ఆమెకు డాక్టర్ దొరికాడు. పర్యాయపదాల పట్టికను నమ్మి చేసే మార్పు ఎంత దూరం తీసుకెళుతుందో ఈ ఒక్క జంటే చూపిస్తుంది. గో, టర్న్, గ్రోలకూ ఎవరి హద్దులు వాళ్లకున్నాయి. పాలు పాడైతే 'గో బ్యాడ్', చూపు పోతే 'గో బ్లైండ్', ముఖం ఎర్రబడితే 'టర్న్ రెడ్'. గో చెడు మార్పులవైపు మొగ్గు చూపుతుంది, టర్న్ రంగులవైపు.

చోటు పేరు వస్తే చేరడం. ఇక్కడ చిక్కు అర్థంలో ఉండదు, మధ్యలో వచ్చే చిన్న మాటలో ఉంటుంది. 'గెట్ టు ద స్టేషన్', 'అరైవ్ ఎట్ ద స్టేషన్', 'రీచ్ ద స్టేషన్'. మూడింటి అర్థమూ ఒకటే కానీ ఒకదానికి టు కావాలి, ఇంకోదానికి ఎట్ కావాలి, మూడోదానికి ఏమీ అక్కర్లేదు. 'రీచ్డ్ టు ద స్టేషన్' అన్న తప్పు తరచూ వినిపించడానికి కారణం 'స్టేషన్‌కి' అన్నప్పుడు మన నోట్లో ఉండే 'కి'.

క్రియ నుంచి వచ్చిన మాట, అంటే మారీడ్, కాట్, ఫైర్డ్ లాంటిది పక్కన చేరితే జరిగింది మనకు జరిగిందన్న అర్థం. 'వాజ్'కీ 'గాట్'కీ ఇక్కడ నికరమైన తేడా ఉంది. 'ద విండో వాజ్ బ్రోకెన్' అంటే ఎవరో పగలగొట్టారనీ కావచ్చు, చూసేసరికి పగిలి ఉందనీ కావచ్చు. 'గాట్ బ్రోకెన్' అంటే మాత్రం పగిలిన సంఘటన ఒక్కటే. అంతేకాదు, ఇలాంటి గెట్ వాక్యాల్లో ఎవరికో నష్టమో లాభమో తగిలిన వాసన ఉంటుంది. ఉద్యోగం పోయింది, దొంగ దొరికిపోయాడు, ప్రమోషన్ వచ్చింది. 'ఆ గ్రంథం 1852లో ప్రచురితమైంది' లాంటి తటస్థమైన సంగతికి గెట్ అతకదు.

చేయించడం: మేక్, హ్యావ్, గెట్

ఇంకొకరితో పని చేయించే గెట్‌ను కాస్త దగ్గరగా చూడాలి. తెలుగులో 'ఇంచు' చేరిస్తే పని అయిపోతుంది: చేయించు, రాయించు, సంతకం పెట్టించు. ఎలా చేయించారన్నది వాక్యంలో ఉండదు. ఇంగ్లీషులో అది క్రియ ఎంపికలోనే తెలిసిపోతుంది. 'మేక్ హిమ్ సైన్' అంటే ఒత్తిడి పెట్టి పెట్టించడం. 'హ్యావ్ హిమ్ సైన్' అంటే చెప్తే చేసే మనిషితో, అధికారం ఉన్నచోట పెట్టించడం. 'గెట్ హిమ్ టు సైన్' అంటే నచ్చజెప్పో బతిమాలో మొత్తానికి ఒప్పించడం. మూడింటిలో గెట్‌కు మాత్రమే మధ్యలో 'టు' కావాలి. చేరాల్సిన గమ్యం ఉందని చెప్పే ఆ 'టు'కీ గెట్‌లో ఉన్న 'చేరడం' అనే ఊహకూ పొత్తు కుదరడం ఆశ్చర్యమేమీ కాదు.

'కటింగ్ చేయించుకున్నాను' అన్నది ఇంగ్లీషులోకి 'ఐ కట్ మై హెయిర్'గా వెళితే కత్తెర తన చేతిలోనే ఉన్నట్టు అర్థమవుతుంది. 'ఐ గాట్ మై హెయిర్ కట్' అనాలి. 'ఇంచు' చేసే పనిని అక్కడ గెట్ చేస్తోంది.

'నాకు వచ్చింది', 'నేను తెచ్చుకున్నాను'

గెట్‌కు తెలుగులో దగ్గరి బంధువు 'పొందు' అని నిఘంటువులు రాస్తాయి. వాడుకలో నిజమైన జోడీ 'వచ్చు'. ఉద్యోగం వచ్చింది, జ్వరం వచ్చింది, కోపం వచ్చింది, మంచి ఆలోచన వచ్చింది, ఇంటికి వచ్చాడు. ఈ ఐదింటినీ ఇంగ్లీషులో గెట్ ఒక్కటే మోయగలదు. 'వచ్చు' అంతటితో ఆగలేదు కూడా. 'నాకు ఈత వచ్చు' అన్నచోట తెలియడమైంది, 'రేపు రావచ్చు' అన్నచోట అవకాశమో అనుమతో అయింది. ఇంగ్లీషు క్రియ ఒక్కటే ఇన్ని వేషాలు వేస్తోందనుకోవడానికి లేదు.

తేడా ఎక్కడంటే, తెలుగులో వస్తువే మనిషి దగ్గరికి వస్తుంది, ఇంగ్లీషులో మనిషే కర్తగా ముందు నిలబడతాడు. 'ఐ గాట్ ఎ జాబ్' అన్న వాక్యంలో ఉద్యోగం తిరిగి తిరిగి సంపాదించుకున్నదో, ఊరకే తలుపు తట్టిందో తెలియదు. తెలుగులో 'నాకు ఉద్యోగం వచ్చింది', 'నేను ఉద్యోగం తెచ్చుకున్నాను' అని రెండు దారులున్నాయి. 'నాకు' అంటే అది జరిగింది, 'నేను' అంటే అది చేసింది. గెట్‌ను తెలుగులోకి తేవాలన్నా, తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషులోకి పంపాలన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ప్రయత్నం ఉన్నచోట అబ్టెయిన్, ఎర్న్, సెక్యూర్ లాంటివి, ఊరకే అందినచోట రిసీవ్ కుదురుతాయి.

ఒక్క 'హ్యావ్' తేడాతో

'ఐ గాట్ టు సీ హర్' అంటే ఆమెను చూసే అవకాశం దొరికింది. 'ఐ హ్యావ్ గాట్ టు సీ హర్' అంటే ఆమెను చూసి తీరాలి. మొదటిది అదృష్టం, రెండోది తప్పనిసరి. మాట్లాడేటప్పుడు రెండోది 'ఐవ్ గాట్ టు' అయి, ఆ 'వ్' కూడా మాయమై 'ఐ గాటా' అయిపోతుంది. వినేవాళ్లకు టెన్షన్ ఇక్కడే.

'హ్యావ్ గాట్' కథ సూటిగానే ఉంటుంది. 'సంపాదించి ఉన్నాను' అంటే ఇప్పుడు నా దగ్గర ఉందనే కదా. ఆ ధ్వనే క్రమంగా అసలు అర్థమైపోయి, 'ఐ హ్యావ్ గాట్ ఎ కార్' అన్నది 'నాకు కారుంది'గా స్థిరపడింది. అమెరికా ఇంగ్లీషు 'గాటెన్' అనే పాత రూపాన్ని వదులుకోలేదు కాబట్టి అక్కడ ఈ రెండు అర్థాలూ విడివిడిగా నిలిచాయి. 'ఐ హ్యావ్ గాట్ ఎ కార్' అంటే కారుంది, 'ఐ హ్యావ్ గాటెన్ ఎ కార్' అంటే కారు సమకూర్చుకున్నాను. గాటెన్ అమెరికన్లు చెడగొట్టిన రూపమని అనుకునేవాళ్లున్నారు కానీ అది ఇంగ్లండు నుంచే అటు వెళ్లింది. బ్రిటన్‌లో వాడుక తగ్గినా, అక్రమార్జన అనే అర్థంలో వాడే 'ఇల్‌గాటెన్' లాంటి మాటల్లో మిగిలే ఉంది.

పర్యాయపదాల్లో పై మెట్టు, కింది మెట్టు

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక ఫ్రెంచి పాలకుల భాషయింది. చదువు, చర్చి వ్యవహారాల్లో లాటిన్ ఎలాగూ ఉంది. అలా ఒకే పనికి ఇంటి మాట ఒకటి, దర్బారు మాట ఒకటి, గ్రంథాల మాట ఒకటి పోగుపడ్డాయి. అడగడానికి ఆస్క్, క్వశ్చన్, ఇంటరాగేట్ ఉన్నట్టే, దక్కడానికి గెట్ పక్కన ఫ్రెంచి, లాటిన్ దారుల్లో వచ్చిన రిసీవ్, అబ్టెయిన్, అక్వైర్, ప్రొక్యూర్ చేరాయి. తెలుగులో 'తిండి', 'భోజనం', 'ఆహారం' మధ్య ఉన్న తేడా తెలిసినవాళ్లకు ఈ మెట్ల సంగతి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు.

కానీ పై మెట్టు మాటలు గెట్‌లా ఎక్కడపడితే అక్కడ ఒదగవు. అబ్టెయిన్‌కు అనుమతి, ధ్రువపత్రం, ఫలితం లాంటివి కావాలి. అక్వైర్ కాలం తీసుకుని వంటబట్టేవాటికి, అంటే అలవాటుకో భాషకో అభిరుచికో సరిపోతుంది, ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొన్నా అదే మాట. ప్రొక్యూర్‌లో దొరకనిదాన్ని వెతికి సమకూర్చిన శ్రమ ఉంటుంది. సెక్యూర్‌లో చేజారిపోతుందేమోనన్న పోటీ ఉంటుంది, లోన్ అయినా సీటు అయినా. గెయిన్ ఉన్నదానికి కలిసేవాటికి వస్తుంది: బరువు, అనుభవం, వేగం. 'హి అబ్టెయిన్డ్ ఎ కోల్డ్' అంటే జలుబు కోసం దరఖాస్తు పెట్టుకున్నట్టు ఉంటుంది.

గెట్‌తో కట్టే జంటమాటలకు కూడా ఒంటి మాటలు దొరుకుతాయి. 'గెట్ ఓవర్'కు రికవర్, 'గెట్ బై'కి మేనేజ్, 'గెట్ అక్రాస్'కు కమ్యూనికేట్. అర్థం మోస్తాయి కానీ రంగు మారుతుంది. 'గెట్ అవే విత్' దగ్గర ఈ పద్ధతీ చేతులెత్తేస్తుంది. తప్పు చేసి శిక్ష తప్పించుకోవడం, పైగా అది సాధించినట్టు కనిపించడం, ఈ రెండూ ఒకే ఇంగ్లీషు క్రియలో ఇమడవు.

గెట్‌ను ఎక్కడ వదిలేయాలి

వ్యాసాల్లో, అర్జీల్లో గెట్ రాయకూడదని టీచర్లు చెప్పే మాటకు ఆధారం ఉంది. అది మాట్లాడే భాష మెట్టు మీద ఉంటుంది, పైగా ఏ రకంగా దక్కిందో చెప్పదు. ఆఫీసు ఉత్తరంలో 'వి గాట్ యువర్ అప్లికేషన్' కంటే 'వి హ్యావ్ రిసీవ్డ్' బాగుంటుంది. ఈ సలహా నియమంగా ముదిరినప్పుడే తంటా. గెట్ కనిపించిన ప్రతిచోటా కొట్టేసి అబ్టెయిన్ రాసే విద్యార్థి చివరికి ఎవరూ మాట్లాడని ఇంగ్లీషు రాస్తాడు.

కొన్ని చోట్ల దాన్ని కదపడం కుదరదు. 'గెట్ మారీడ్' బదులు 'వెడ్' వాడేది ఎక్కువగా పత్రికల శీర్షికలే. 'గెట్ డ్రెస్డ్' అంటే బట్టలు వేసుకుని తయారవడం, 'డ్రెస్' అన్న ఒంటి మాట వాడితే కాస్త పాతకాలపు వాసన వస్తుంది. 'గెట్ లాస్ట్' అంటే దారి తప్పడం, కోపంగా అంటే అవతలికి పొమ్మనడం, రెండింటికీ ఒకేసారి సరిపోయే మాట ఇంకోటి లేదు. ఇక బయల్దేరబోతూ పిల్లలతో 'గెట్ రెడీ' అనాల్సినచోట 'ప్రిపేర్ యువర్‌సెల్వ్స్' అంటే, ఏదో చెడు కబురు చెప్పబోతున్నారని వాళ్లు కంగారుపడతారు.